దర్జీగారి వృత్తి విద్య

లోకంలో ఫోను చూసేవాళ్లు రెండు రకాలు. పనిలేక చూసేవాళ్లు, పనికోసం చూసేవాళ్లు. రెండో రకంలో ఇప్పటికి ఒక్కడే ఉన్నాడనీ, అది తానేననీ దర్జీ నమ్మకం. ఆ ఒక్కడి కొంప ముంచింది మాత్రం బావమరిది. తాను కొత్త ఫోను కొనుక్కుని, పాతది బావగారి చేతిలో పెట్టి, ఇందులో కొత్త కటింగులన్నీ ఉంటాయని అంటించి పోయాడు. ఐదో తరగతిలో ఆగిన దర్జీ చదువు ఆ రోజున మళ్లీ మొదలైంది.

రోజూ పొద్దున్నే ఒకే కోటు కటింగు వీడియో చూస్తాడు. దాని కిందే, కర్రముక్కతో మట్టిలో ఈతకొలను తవ్వే మనిషి కనిపిస్తాడు. కోటుకు ఆరు నిమిషాలు, కొలనుకు మూడు గంటలు. ఎవరైనా అడిగితే, కొలత తప్పకుండా తవ్వుతున్నాడో లేదో చూస్తున్నానంటాడు. పక్కన పీట మీద గుండీలు కుట్టే భార్య, చెల్లెలు పంపిన ఫొటో ఒక్కటి చూస్తే మాత్రం అది వ్యసనం. సంసారాలు కూలేది ఇలాగేనని రోజూ ఉపన్యాసం. ఆవిడ దారం కొరికి ఇంకో గుండీ అందుకునేది.

ఇంతలో ఒక పెద్ద ఆఫీసు కాపలావాళ్లకు నలభై ఎనిమిది పొడుగు చేతుల చొక్కాలు కుట్టే పని వచ్చింది. బట్ట ఆఫీసువాళ్లదే. నచ్చితే ఏటా ఆ పని దర్జీదే. లేకపోతే అద్దె కట్టలేక కొట్టు మూసుకోవడమే.

ఇలాంటి పనికి బట్టను పొరలుగా పేర్చి, పైపొర మీద సుద్దతో గీసి, కోత మిషనుతో అన్నీ ఒకేసారి తెగ్గోస్తారు. సుద్ద పట్టుకున్న సమయానికే కొలనులోకి నీళ్లు వదిలారు. గట్టు ఆగుతుందా అని దర్జీ ఒక కన్ను అటు వేశాడు. రెండోది కూడా దాని వెంటే పోయింది. చొక్కా చేతుల గీత మోచేతి పైనే ఆగింది. మిషను గీతను నమ్మింది. అతుకేద్దామంటే కాపలావాళ్లు బొంతలు తొడుక్కున్నట్టుంటుంది.

ఆఫీసు నుంచి కాపలావాళ్ల సూపర్‌వైజరు వచ్చి చూశాడు. ఇప్పుడంతా పొట్టి చేతులేననీ, ఫోనులో స్వయంగా పరిశీలించే కోశాననీ దర్జీ గంభీరంగా చెప్పాడు.

"ఏదీ, చూపించు మేస్త్రీ."

"సిగ్నల్ లేదు సార్."

భార్య తలెత్తకుండా అంది: "ఉందండీ. ఇందాకేగా మీ కొలను నిండింది."

సూపర్‌వైజరు ఫోను లాక్కున్నాడు. ఆ నెలలో చూసినవన్నీ వరసగా ఉన్నాయి. కొలనులు యాభై మూడు, పిల్లుల కొట్లాటలు పంతొమ్మిది, కోటు ఒకటి. చదువులేనివాళ్ల చేతికి ఫోనిస్తే ఇంతేనని తిట్టి, రుజువు కోసం ఒక కొలను నొక్కాడు. కాసేపు నిలబడి చూశాడు. తర్వాత స్టూలు లాక్కున్నాడు. ఆఫీసు నుంచి తన జేబులోని ఫోనుకు రెండుసార్లు కాల్ వస్తే కట్ చేశాడు.

"గట్టు ఎక్కడ బలహీనమో పట్టుకోవడం మాకు డ్యూటీలో భాగం" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

సాటి విద్యార్థి కదా, కనికరిస్తాడని దర్జీ ఆశపడ్డాడు. నలభై నిమిషాలకు నీళ్లు నిండాయి. సూపర్‌వైజరు లేచి, ఆర్డరు కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు.

"బట్టకు బట్ట నువ్వే కొనివ్వాలి. ఆ వీడియో నాకు పంపు."

దర్జీ ముందు వీడియో పంపాడు. తర్వాత బట్ట కొనిచ్చాడు. నూట ఎనిమిది మీటర్లు, నీలం రంగు.