రక్షా పరుపు

మానవ నాగరికత వేల ఏళ్ళు నడిచి నడిచి, చివరికి మా జిల్లా సముద్రతీరంలోని ఒక అతిథిగృహంలో, కింది అంతస్తు ఒకటో నంబరు గదిలో సంపూర్ణత సాధించింది.

ఆ గదికి ర్యాంపు ఉంది. బాత్రూములో పట్టుకోవడానికి కమ్మీలున్నాయి. నా చక్రాల కుర్చీ గోడలకు గీసుకోకుండా గుండ్రంగా తిరిగిన మొదటి గది అదే. అవసరం లేకపోయినా మూడుసార్లు తిరిగాను.

మాకు పెళ్ళయి పదకొండు రోజులు. మా ఆయన ముఖేష్ జువ్వలదిన్నె హార్బర్‌లో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. ఇంట్లో మా అత్త నాగులమ్మ, ఇద్దరు ఆడబిడ్డలు, వాళ్ళకూ మాకూ మధ్య ఒక చీర తెర. అందుకని ఈ రెండు రోజుల సెలవులో మేము కోరుకున్నవి రెండే: ఇద్దరు పట్టే మంచం, లోపల వేసుకునే గడియ.

తీర విశ్రాంతి మండలి వారి యాప్‌లో (ఎవరి విశ్రాంతో అందులో రాయలేదు) ‘దివ్యాంగ అతిథి’ అని నొక్కగానే ‘వెంట వచ్చువారు’ ఎవరని అడిగింది. తల్లి, తండ్రి, తోబుట్టువు, ఆయా. భర్త లేడు. ముఖేష్ ఆయాగా నమోదయ్యాడు. (యూనిఫాం తెచ్చుకోవలెనని వెంటనే మెసేజ్ వచ్చింది.)

గదిలో మూడడుగుల వెడల్పు మంచం ఒకటి. ఆయాకు వరండాలో చాప. తలుపుకు లోపల గడియ లేదు. మేనేజరు ముత్యాలయ్య గారిని పిలిచాను.

“అన్నా, ఇద్దరు పట్టే మంచం లేదా?”

“ఎందుకు లేదమ్మా, పైన ఉండాది. పద్దెనిమిది మెట్లు. కొత్త దంపతులైతే పూలు గూడా కడతాం.”

“మేమూ కొత్త దంపతులమే.”

ఆయన నా కుర్చీని చూశాడు, తర్వాత ముఖేష్‌ను చూశాడు. “సారు ఆయా గదా?”

“పోనీ, గడియన్నా పెట్టించన్నా.”

“మీకేమన్నా అయితే మేం లోపలికి రావాల గదమ్మా.”

“ఏమీ కాకపోతే?”

“ఏమీ కాకపోతే గడియ ఎందుకమ్మా?”

(మమ్మల్ని దివ్యాంగులన్నది వీళ్ళే. దేవుళ్ళకైతే కల్యాణం చేసి, పవళింపు సేవ చేసి, తలుపులు మూసి మర్యాదగా బయటికొస్తారు.)

“నేను ఎత్తుకోని పోతాలే మే, పైకి,” అన్నాడు ముఖేష్.

“నా కుర్చీ కింద, నేను పైనా? బాత్రూముకు పోవాలన్నా నిన్నే లేపాల. అప్పుడు నిజంగానే ఆయావి అయిపోతావు,” అన్నాను.

ఆ మంచం మీదున్నది రక్షా పరుపు. బరువు ఒకరిని మించినా, కదలిక మామూలును మించినా ఆపదగా గుర్తించి సైరన్ మోగిస్తుంది. ‘మామూలు’ అంటే ఎంతో తేల్చిన నిపుణుల సంఘంలో ఐదుగురు మగవాళ్ళు, ఒక తూకం యంత్రం ఉన్నారట. పరుపు సంగతి చెప్పే బోర్డును మంచం కిందే పెట్టారు కాబట్టి మేము తర్వాత చదివాము.

మధ్యాహ్నం మూడింటికి కుర్చీని తలుపుకు అడ్డంగా నిలిపి బ్రేకులు వేశాను. మూడూ పదకొండుకు సైరన్ మోగింది. ముత్యాలయ్య గారు స్ట్రెచర్‌తో సహా తలుపు దగ్గరికి వచ్చేశారు.

“అమ్మా, పడిపోయినారా?”

“లేదన్నా.”

“ఫిట్స్ ఏమన్నా వచ్చినాయా?”

“రాలేదు.”

“ఆ ఆయా ఏం జేస్తా ఉండాడు మరి?”

“డ్యూటీలోనే ఉండాడన్నా.”

ముఖేష్ దిండులో మొహం దాచుకుని నవ్వాడు. ఆ కదలికకు రెండో సైరన్ కూడా మోగింది.

ప్రమాద నివేదిక నింపితే తప్ప సైరన్ ఆగదు. యాప్‌లో కారణాలు నాలుగు: పడిపోవుట, మూర్ఛ, ఊపిరాడకపోవుట, ఇతరములు. ఇతరములు నొక్కితే వివరాలు అడిగింది. ‘సంతోషం’ అని టైపు చేశాను. ఆగింది.

తర్వాత వరండాలోని చాప లోపలికి తెచ్చి నేల మీద పరుచుకున్నాం. చాపకు కూడా సైరన్ పెట్టాలని ఇంకా ఎవరికీ తోచలేదు. మిగిలిన సెలవంతా దివ్యంగా గడిచింది.

ఊరికి బయలుదేరుతుంటే ఫోను మోగింది. మండలి వారి మెసేజ్:

“ప్రియమైన రోజా గారూ, మా గదిలో మీకు కలిగిన ‘సంతోషం’ పట్ల తీవ్రంగా చింతిస్తున్నాము. ఇకపై ఏ దివ్యాంగ అతిథికీ ఇటువంటిది జరగకుండా తగిన చర్యలు తీసుకుంటామని హామీ ఇస్తున్నాము.”