ఆదివారం నుంచి రాజులు లేరు

రాబోయే ఆదివారం నుంచి కలకత్తా రేవు పక్కనున్న వాట్‌గంజ్ ప్రాంతంలో రాజులు ఉండబోరని స్థానిక కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈ చారిత్రక నిర్ణయాన్ని కమిటీ కార్యదర్శి నృపేన్‌దా మైకులో స్వయంగా బెంగాలీలో చదివారు. హిందీలో మరొకరు చదివారు. తెలుగులో చదివే భాగ్యం నాకు దక్కింది. రేవు కార్మికులకు సాయంకాలం పురాణం చెప్పుకుంటూ, పెళ్ళిళ్ళూ తద్దినాలూ జరిపించుకుంటూ కాలం గడిపే నాబోటివాడికి, భూమండలం మీది రాజులను ఒక్క గుక్కలో రద్దుచేసే అవకాశం రావడం పూర్వజన్మ సుకృతమని భావిస్తున్నాను.

నృపేన్‌దా పూర్తి పేరు నృపేంద్రనాథ్. అందరికీ పెద్దన్న వంటివారు గనుక చివర 'దా' చేర్చి పిలుస్తారు. ఎర్రజెండా తప్ప మరో దైవాన్ని ఎరగని మహానుభావులు. 'రాజు' అనే మాట చెవిన పడితే ఆ పూట వారు అన్నం ముట్టరని కార్యకర్తలు గర్వంగా చెబుతారు. వారి పేరుకు అర్థమేమిటో నాకు తెలుసు. వారు అడగలేదు.

తీర్మానానికి కారకుడు పోలిరాజు. శ్రీకాకుళం ప్రాంతం నుంచి మీసాలు రాకముందే వచ్చి, ఓడ అడుగున దిగి బస్తాలు మోస్తూ మీసాలు నెరిసినవాడు. యూనియన్ సభలో అతని పేరు పిలవగానే నృపేన్‌దా చేతిలో టీ గ్లాసు ఆగింది.

"పండిత్ మశాయ్, మీ భాషలో రాజు అంటే ఏమిటి?"

శాస్త్రం చదువుకున్నవాణ్ణి, అబద్ధమాడలేను. ప్రజలను రంజింపజేసేవాడు గనుక రాజు అని వ్యుత్పత్తితో సహా విన్నవించాను. వారు వ్యుత్పత్తిని విడిచి అర్థాన్ని మాత్రం గ్రహించారు. కార్మికవర్గం నడిబొడ్డున ఒక భూస్వామ్య ప్రభువు ఇన్నేళ్ళుగా బస్తాలు మోస్తూ దాక్కున్నాడని తెలిసి సభ నివ్వెరపోయింది.

మర్నాడు విచారణ సంఘం రాజప్రాసాదానికి తరలివెళ్ళింది. ప్రాసాదం ఒక్కటే గది. కోటగోడ ఉన్న చోట దండెం మీద లుంగీలు ఆరుతున్నాయి. పట్టమహిషి దాలమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. నృపేన్‌దా ఆ పీటను చాలాసేపు పరిశీలించి, ఇటువంటి ఆసనాల మీద కూర్చునే ఈ వర్గం ప్రజల తలలు నరికిందని అనుచరులకు వివరించారు. తరువాత ప్రభువును నిలదీశారు.

"నీ రాజ్యం ఎక్కడ?"

పోలిరాజు నా వైపు తిరిగాడు. "ఏటంటన్నారు పంతులుగారూ?"

"నీ రాజ్యం ఎక్కడని అడుగుతున్నారు."

"అడ్రసు రేసను కారట్లో ఉందని సెప్పండి బాబూ."

రాజ్యానికి ప్రభుత్వ గుర్తింపు కూడా ఉందని తేలడంతో పరిస్థితి మరింత విషమించింది.

ఇక్కడ పాఠకులకు ఒక చిన్న సంగతి మనవి చేయాలి. పోలిరాజు ఆ నెలాఖరుకు పని నుంచి విరమిస్తాడు. రేవు ఆచారం ప్రకారం ఆ ఉద్యోగం కొడుకుల్లో ఒకడికి దక్కుతుంది. అయితే యూనియన్ తల ఊపాలి. పోలిరాజు కొడుకులు కూర్మయ్య, గురువులు కవలలు. ఒకే అచ్చులో పోసినట్టు ఉంటారు. వారిలో కూర్మయ్యకూ, కుళాయి వరుసలో రోజూ అతని ముందు బిందె పెట్టే కాసులమ్మకూ మనసులు కలిశాయి. కాసులమ్మ తండ్రి దేముడు రేవు గేటు దగ్గర కాపలాదారు. పర్మినెంటు ఉద్యోగం ఉన్నవాడికే పిల్లనిస్తాననీ, లేకపోతే మాఘమాసంలో పలాస సంబంధం ఖాయం చేస్తాననీ అతను చెప్పేశాడు. కూర్మయ్యకు ఉద్యోగం లేకపోతే కాసులమ్మ లేదు. యువరాజుకు యూనియన్ ఉద్యోగం ఇవ్వదు. సమస్య అదీ.

నృపేన్‌దా దయార్ద్రహృదయులు. రాజవంశాన్ని మొత్తంగా రోడ్డున పడేయడం ఇష్టంలేక, రాజధర్మంలో ఏమైనా వెసులుబాటు ఉందా అని నన్ను సంప్రదించారు. సింహాసనం జ్యేష్ఠుడిదనీ, కనిష్ఠుడికి ఏమీ రాదనీ మనవి చేశాను. వారి ముఖం వికసించింది. ఏమీ రానివాడు పీడితుడే కదా అన్నారు. పీడితుడైన చిన్న కొడుక్కి ఉద్యోగం. పీడకుడైన పెద్ద కొడుకు రాష్ట్ర మంత్రివర్యుల సమక్షంలో బహిరంగంగా రాజ్యాన్ని త్యజించాలి. తీర్మానం అయిపోయింది.

పెద్దవాడెవడని దాలమ్మను అడిగారు. ముందు గురువులు పుట్టాడనీ, వెనక కూర్మయ్య పుట్టాడనీ, అందుచేత కూర్మయ్యే పెద్దవాడనీ ఆమె చేపలు కడుగుతూ చెప్పింది. బెంగాలీ లెక్కలో ముందు పుట్టినవాడు దాదా. మన పెద్దల లెక్కలో కవలల్లో వెనక పుట్టినవాడు అన్న. నృపేన్‌దా తికమకపడి, అదెలా సాధ్యమని పోలిరాజును అడిగారు.

"ఓడలోకి ముందెక్కించిన బస్తా ఆకర్న గదండీ దిగుతాది" అన్నాడు పోలిరాజు.

రేవులో పుట్టిపెరిగిన కమిటీ సభ్యులెవరూ ఈ వాదాన్ని ఖండించలేకపోయారు. కూర్మయ్య యువరాజుగా నిర్ధారింపబడ్డాడు.

ఆ సాయంకాలం నేను పోలిరాజు ఇంటి అరుగు మీద పంచాంగం చూస్తూ కూర్చున్నాను. పంచాంగం కళ్ళకు అడ్డం వస్తుంది గాని చెవులకు రాదు. కాసులమ్మ బిందె దించి, కవలలిద్దరినీ ఎదురుగా నిలబెట్టుకుంది.

"మొకాలు మార్చుకోనక్కర్లేదు. పేర్లు మార్చుకోండి, సాలు. బద్లీ ఎల్లినట్టు."

రేవులో ఒకడు రాని రోజున వాడి పేరు మీద పని చేసేవాణ్ణి బద్లీ అంటారు. కూర్మయ్య గురువులు పేరుతో ఉద్యోగంలో చేరతాడు. గురువులు కూర్మయ్య పేరుతో రాజ్యం వదులుకుంటాడు.

"మరి నానేటి సేయాలి?" అన్నాడు గురువులు.

"యువరాజువి. నీకు పనీ పాటా లేదు గదా, సరిపోతాది."

"నీకు మా ఇద్దర్లో తేడా తెలుస్తాదేటి?"

"ఆడు అబద్దం సెప్పే ముందు నవ్వేస్తాడు. నువ్వు నవ్వవు. అందుకే నువ్వు రాజువి."

కూర్మయ్య తనకు నవ్వు రాదని చెప్పబోయి, ముందే నవ్వాడు.

త్యాగసభ దిగ్విజయంగా జరిగింది. వదులుకోవాలంటే ముందు ధరించాలి గనుక, చిత్పూర్‌లో జాత్రా నాటకాలకు వేషాలిచ్చే దుకాణం నుంచి ఒక కిరీటం అద్దెకు తెచ్చారు. మంత్రివర్యులు పైకెత్తిన పిడికిలి దించకుండా నిలబడ్డారు. గురువులు కిరీటం తీసి నేలమీద పెట్టి, తన సామంత రాజ్యాలను ఒక్కొక్కటిగా పేరుపేరునా విడిచిపెట్టాడు.

"ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, నౌపడ, కోటబొమ్మాళి, తిలారు..."

ఊరికి వెళ్ళేటప్పుడు హౌరా మెయిలు ఏ వరుసలో స్టేషన్లు దాటుతుందో ఆ వరుసలోనే చెప్పాడు. నేను యథాతథంగా అనువదించాను. శ్రీకాకుళం రోడ్డు దగ్గరకు వచ్చేసరికి మంత్రివర్యులు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇంత రాజ్యం వదులుకున్న యువకుణ్ణి తాను ఎన్నడూ చూడలేదన్నారు.

అది మొదలు రాజ్యత్యాగి కామ్రేడ్ కూర్మయ్యకు తీరిక లేకపోయింది. జిల్లా జిల్లాకూ ఆహ్వానాలు. ప్రతి ఊళ్ళోనూ కిరీటం పెట్టుకోవడం, తీయడం. ఒకసారి వదులుకున్న రాజ్యాన్ని మళ్ళీ ఎలా వదులుకుంటాడని ఒక విద్యార్థి సందేహం వెలిబుచ్చగా, భూస్వామ్యం మొండిది, పదేపదే వదిలించుకోవాలి అని నృపేన్‌దా సమాధానమిచ్చారు. కిరీటం అద్దె పెరుగుతున్నందున దాన్ని కమిటీయే కొనేసింది. ఈ లోపల అసలు కూర్మయ్య, గురువులు పేరుతో, నిశ్శబ్దంగా బస్తాలు మోస్తున్నాడు.

అంతా సవ్యంగా ఉన్న సమయంలో దేముడు మనసు మార్చుకున్నాడు. పిల్లను రాజ్యత్యాగికే ఇస్తానన్నాడు.

"ఉద్యోగం ఉన్నోడు కావాలన్నావు గదా నాన్నా" అంది కాసులమ్మ.

"బస్తాలు మోసేవోడు గదికొకడున్నాడు. రాజ్యం ఒదిలేసినోడు ఈ కలకత్తా మొత్తానికి ఒక్కడే."

కాసులమ్మ మనసులో లెక్క వేసుకుంది. కోరుకున్న మనిషి ఉద్యోగంలో ఉన్నాడు, అతని పేరు ఊళ్ళు తిరుగుతోంది. పెళ్ళిపూటకు ఆ రెంటినీ ఒక చోట కూర్చోబెడితే చాలు. ముహూర్తం ఒక సెలవురోజున పెట్టమంది. ఆ రోజు గురువులు ఎవరి కంటా పడకుండా ఉంటాడు. కూర్మయ్య తన పేరుతోనే పీటల మీద కూర్చుంటాడు. తెలుగువాళ్ళంతా రాజ్యత్యాగి పెళ్ళని సంబరపడ్డారు.

అయితే సరిగ్గా ఆ రోజే బర్ధమాన్‌లో త్యాగసభ తగిలింది. గురువులు కిరీటం సంచీలో పెట్టుకుని బయలుదేరాడు. నృపేన్‌దా స్వయంగా హౌరా స్టేషనుకు వెళ్ళి అతన్ని రైలెక్కించి, పోలిరాజు చిన్న కొడుకు పెళ్ళి అనే భ్రమతో తిన్నగా పెళ్ళిపందిట్లోకి వచ్చారు. దేముడు ఎదురేగి, చేతులు పట్టుకుని తీసుకువచ్చి చూపించాడు.

"మా అల్లుడు దాదా. మీ కూర్మయ్యే."

నృపేన్‌దా పెళ్ళికొడుకును చూశారు. పెళ్ళికొడుకు, నోరు విప్పకముందే, నవ్వాడు. కాసులమ్మ తల వంచుకునే, చీర చాటున అతని కాలిని గట్టిగా తొక్కింది. మంగళసూత్రం నా చేతిలోనే ఉంది. ఇప్పుడు నృపేన్‌దా ఒక్క మాట పైకి అంటే ఉద్యోగం, పెళ్ళి రెండూ ఆ క్షణంలోనే ముగుస్తాయి.

హోమం పొగకు కళ్ళు మండుతున్నాయనే నెపంతో వారిని పక్కకు తీసుకువెళ్ళాను.

"రైలెక్కినవాడెవడు?" అన్నారు.

"యువరాజే. మీ బెంగాలీ లెక్కన ముందు పుట్టినవాడే కదా జ్యేష్ఠుడు. రైల్లో ఉన్నవాడు ముందు పుట్టినవాడు. ఇక్కడున్నవాడు వెనక పుట్టిన పీడితుడు, ఉద్యోగం చేస్తున్నాడు. కమిటీ తీర్మానం అక్షరం పొల్లుపోకుండా అమలులో ఉంది. పేర్లు మాత్రమే మా లెక్కన ఉన్నాయి."

వారు వేళ్ళు మడిచి లెక్క సరిచూసుకున్నారు.

"అంటే మీ తెలుగులో ఏ సంగతైనా రెండు విధాలుగానూ నిలుస్తుంది."

"ఎవరి లెక్క వారిది బాబూ."

వారి స్వరం మెత్తబడింది. ఆరోగ్యం సహకరించక తాను కార్యదర్శి పదవి నుంచి తప్పుకుంటున్నాననీ, వచ్చే ఆదివారం కమిటీ ఏకగ్రీవంగా తన కుమారుణ్ణి ఎన్నుకోబోతున్నదనీ, బెంగాలీ ప్రకటన సిద్ధంగా ఉందనీ చెప్పారు. తెలుగు కార్మికులు అపార్థం చేసుకుంటారేమోనని మాత్రం బెంగ.

"తండ్రి లేచిన ఆసనం మీద కొడుకు కూర్చోవడానికి మీ భాషలో గౌరవమైన మాట ఉందా?"

"ఉంది."

"ఆ మాట మీరు చదవండి. ఈ పెళ్ళికొడుకును నేను చూడలేదు."

పందిట్లోకి తిరిగివచ్చి, వారు చూడని పెళ్ళికొడుకు మీద పిడికెడు అక్షింతలు వేశారు. మంగళవాద్యాల మధ్య మాంగల్యధారణ జరిగింది. కాసులమ్మ అతని కాలి మీద నుంచి తన కాలు తీసింది.

ఆదివారం సభ కిక్కిరిసింది. నృపేన్‌దా కుమారుడు తెల్లని పంజాబీ లాల్చీ తొడుక్కుని, తండ్రి పక్కన వినయంగా నిలబడ్డాడు. బెంగాలీలో చదివారు, హిందీలో చదివారు. నేను మైకు ముందుకు వెళ్ళి గొంతు సవరించుకున్నాను.

"మన ప్రియతమ నాయకులు నృపేంద్రనాథ్ గారి కుమారునికి, స్థానిక కమిటీ కార్యదర్శిగా, ఈ శుభోదయాన పట్టాభిషేకం."

మా వాళ్ళు ఇంతవరకు ఏ తీర్మానానికీ అంతగా స్పందించి ఎరగరు. ఆడవాళ్ళు ఇళ్ళకు పరుగెత్తి పసుపు అక్షింతలు తెచ్చారు. దాలమ్మ హారతి వెలిగించింది. బర్ధమాన్ నుంచి వచ్చిన గురువులు సంచీలోంచి కిరీటం తీసి తుడుస్తున్నాడు. నృపేన్‌దా కళ్ళు చెమర్చాయి. మీ జనం ఎంత చక్కగా అర్థం చేసుకున్నారు అని నా భుజం తట్టారు.

అప్పుడు ముందు వరుసలోంచి పోలిరాజు చేతులు కట్టుకుని లేచాడు.

"పంతులుగారూ, ఆదివారం నుంచి రాజులుండరని మీరే గదా సదివినారు. అది ఏ ఆదివారం బాబూ?"

అతనేమంటున్నాడని నృపేన్‌దా అడిగారు.

అభినందిస్తున్నాడని చెప్పాను.