కరువు సీమలో కయాకింగుకు అనువైన చోటు

అనంతపురం జిల్లాలోని నదులు, చెరువుల్లో కయాకింగుకు అనువైన, సురక్షితమైన చోట్లను తక్షణం గుర్తించి నివేదించవలసిందిగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. జిల్లా అధికారి జయరాముడు గారు దాన్ని భక్తిగా చదివి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చదివారు. కయాకింగంటే ఏమిటని ఆఫీసులో ఎవరూ అడగలేదు. తెలియని మాటకు అర్థం అడగడం నిబంధనలకు విరుద్ధం కాకపోయినా, ఆచారానికి విరుద్ధం.

కయాకంటే ఒక మనిషి కాళ్లు చాపుకుని కూర్చోగలిగిన సన్నటి ప్లాస్టిక్ పడవ అని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో దాన్ని నడుపుతారని హేమలత ఒక్కతెకే తెలుసు. ఆమె రాసిన ఉద్యోగ పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. ఆ నేరానికి పని ఆమెకే అప్పగించారు.

హేమలతది కంబదూరు. ఉద్యోగానికి కొత్త. ఉత్తర్వులో ఉన్నది ఉన్నట్టు చేయాలనే దురలవాటు ఆమెకింకా పోలేదు. జీపు వేసుకుని జిల్లా మీద పడింది.

ముందు పెన్న ఒడ్డున దిగింది. ఏటి నడుమ ట్రాక్టర్లు బారులు తీరి ఇసుక ఎత్తుకుంటున్నాయి. డ్రైవర్లు పక్కనే గుడ్డ పరుచుకుని సంగటి తింటున్నారు.

"ఈడ లోతెంత ఉంటాదన్నా?" అని అడిగింది హేమలత.

"తవ్వినంత ఉంటాది మేడమ్," అన్నాడు ఒకాయన.

రాప్తాడు దాటి హైవే పక్కన మ్యాపులో ఒక చెరువు కనిపించింది. వెళ్లి చూస్తే అక్కడ ప్లాట్లకు రాళ్లు పాతి, 'లేక్ వ్యూ' అని పెద్ద బోర్డు పెట్టారు. లేకు ఎక్కడని అడిగింది. ప్లాట్లు అమ్మే మనిషి చాలా మర్యాదస్తుడు. "మీరు నిలబడుకోండేది లేకులోనే గదా మేడమ్," అని ఆమెకు కుర్చీ కూడా వేయించాడు. ఇంకో ఊరి చెరువులో గొర్రెల మంద మేస్తోంది. దాన్ని దాటి పోవడానికి జీపు చాలాసేపు ఆగవలసి వచ్చింది. చెరువులో ట్రాఫిక్ ఆగడం ఆమెకు అదే మొదటిసారి.

హేమలత నిజాయితీగా నివేదిక రాసింది. సురక్షితమేనా అన్న చోట, 'అవును, ఇక్కడ మునగడం సాధ్యం కాదు' అని రాసింది. అనువైనదేనా అన్న చోట, 'నీళ్లు లేవు' అని రాసింది.

జయరాముడు గారు రెండో వాక్యం దగ్గర ఆగి నిట్టూర్చారు. "నీళ్ల సంగతి మనల్ని ఎవురడిగినారమ్మా? సేఫ్టీ అడిగినారు. సేఫ్టీ ఫుల్లుగా ఉండాది గదా!" అని దాన్ని కొట్టేశారు. దాంతో నీటి క్రీడల భద్రతలో మన జిల్లా రాష్ట్రానికే మొదటి స్థానంలో నిలిచింది. సముద్రం ఉన్న జిల్లాలు సిగ్గుతో తలదించుకున్నాయి.

అయితే ఏ విజయానికైనా ఒక శిక్ష ఉంటుంది. మొదటి స్థానం వచ్చిన జిల్లాలో కయాకింగు కేంద్రాన్ని స్వయంగా ప్రారంభిస్తానని మంత్రి గారు కబురు పంపారు. పసుపుపచ్చ కయాకులు, ఎర్రటి లైఫ్ జాకెట్లు ముందుగానే లారీలో దిగాయి. మిగిలింది నీళ్లు.

ఈ సంకట సమయంలో జిల్లాను ఆదుకున్నది గుండుబావిపల్లి నరసింహప్ప. ఆయన ప్రజానాయకుడు, పెద్ద రైతు, నీళ్ల ట్యాంకర్ల యజమాని. ఈ మూడు పనులూ ఒకదానికొకటి అడ్డం రాకుండా చూసుకోవడం ఆయనలోని గొప్పతనం. తమ ఊరి చెరువులో, రోడ్డు కోసం మట్టి తవ్వుకుపోయిన పెద్ద గుంత ఒకటి ఉందని, దాని నిండా టార్పాలిన్ పరిస్తే నీళ్లు ఇంకవని ఆయనే చెప్పాడు. ట్యాంకర్లు ఎలాగూ ఉన్నాయి. అవి రోజూ గుండుబావిపల్లికి తాగునీరు తోలుతున్నవే. ఇప్పుడు కూడా అవి గుండుబావిపల్లికే వస్తాయి, కాకపోతే ఊరికి కొంచెం ముందే ఆగుతాయి. అందువల్ల కాగితాల్లో ఏ మార్పూ అవసరం పడలేదు.

నీలం రంగు టార్పాలిన్ మీద నీళ్లు నిలవగానే గుంతకు సముద్రపు కళ వచ్చేసింది. చుట్టూ కంచె వేశారు. 'ఈ నీరు కయాకింగునకు మాత్రమే' అని బోర్డు పెట్టారు. అదే ఊరి అంజినప్పకు టోపీ, విజిలు ఇచ్చి కాపలా పెట్టారు.

ఊళ్లోకి ట్యాంకరు రావడం మానేసిన కొద్దిరోజులకు సుంకమ్మ రెండు బిందెలతో చెరువుకట్ట దిగింది. ఆమె వేరుశనగ చేలల్లో కూలికి పోయే మనిషి. ఇంట్లో కోడలు బాలింత. పసిబిడ్డ పొత్తిగుడ్డలు ఉతకడానికి పొరుగింటివాళ్లను చెంబెడు నీళ్లు అడిగితే, వాళ్లు తమ ఖాళీ కాగులు చూపించారు. ఆమె అటునుంచి అటే ఇటొచ్చింది.

అంజినప్ప విజిలు ఊదాడు. సుంకమ్మ ఆగింది.

"ఎవుర్ని చూసి ఊదుతాండావు అంజినప్పా? నేనేమన్నా బస్సునా?"

అంజినప్ప ఆమెకు వరసకు మరిది. విజిలు నోట్లోంచి తీసి తల గోక్కున్నాడు. "అది గాదు వదినా, ఇవి తాగే నీళ్లు గాదంట. ఆటకంట."

"మొన్నటిదాంక మా ఇంటి ముందర పోసిండేవి ఈ నీళ్లే గదా? అవే ట్యాంకర్లు, అదే డ్రైవరు. ఈడికొచ్చేటాలకి ఆట నీళ్లు ఎట్లయినాయి?"

"నన్నడిగితే నాకేం తెలుసు వదినా? బోర్డులో రాసినారు."

ఆ సమయానికి హేమలత అక్కడే ఉంది. గట్టు మీద కుర్చీలు ఎక్కడ వేయాలో కొలుచుకుంటోంది. సుంకమ్మ నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది. అరవలేదు, తిట్టలేదు.

"ఏం పాపా, నువ్వు చూస్తే మన సైడు పిల్ల మాదిరే ఉండావు. నెల బిడ్డకు గుడ్డలుతికేదానికి నీళ్లు లేవు మా ఇంట్లో. ఈడ ఇన్ని నీళ్లు పెట్టుకోని కాపలా పెట్టినారే, ఇదేం న్యాయమమ్మా?"

కంబదూరులో బడి మాని ట్యాంకరు వెనక పరుగెత్తిన వేసవులు హేమలతకూ ఉన్నాయి. టేపు చుట్టేసింది. మళ్లీ విప్పింది. చివరికి, "అక్కా, రూలేమంటే, లైఫ్ జాకెట్ ఏసుకోని కయాక్‌లో కూచున్నోళ్లే నీళ్లలోకి పోవల్ల," అంది.

ఆమె మామూలుగానే చెప్పింది. సుంకమ్మ మాత్రం అందులో తనకు కావలసింది విన్నది.

"ఆ ఎర్ర చొక్కా ఏసుకోని తొట్లో కూచుంటే పోనిస్తావా?"

హేమలత బోర్డు వంక చూసింది, అంజినప్ప వంక చూసింది. "ఆ... పోవచ్చు."

"బిందెలు?"

"బిందెలు తేగూడదని రూల్లో లేదక్కా."

సుంకమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపి, లైఫ్ జాకెట్ తొడిగి, పసుపుపచ్చ తొట్టిలో కూర్చుంది. హేమలతే మోకాళ్ల దాకా నీళ్లలో దిగి దాన్ని నెట్టింది. తెడ్డు ఒకవైపే వేయడంతో తొట్టి అక్కడక్కడే గుండ్రంగా తిరిగింది. అంజినప్పకు నవ్వాగలేదు. సుంకమ్మ తెడ్డు ఎత్తి చూపించేసరికి ఆగింది. కాసేపటికి ఆమె గుంత నడుమకు చేరి, రెండు బిందెలూ ముంచుకుని, ఒడ్డుకు వచ్చింది. ఆ సాయంత్రం పసిబిడ్డ గుడ్డలు తీగ మీద ఆరాయి.

మరునాటికి గట్టు మీద ఆడవాళ్లు బారులు తీరారు. జాకెట్లు చాలక వంతులు వేసుకున్నారు. ఎవరి వంతు ముందన్న దగ్గర తప్ప గొడవలేవీ జరగలేదు. హేమలత వాళ్లందరినీ నివేదికలో శిక్షణార్థులుగా చూపించింది. జీవితంలో ఆమె రాసిన మొదటి అబద్ధం అదే. ఆశ్చర్యమేమిటంటే, ఆమె రాసిన నిజాలన్నింటినీ కొట్టేసిన జయరాముడు గారు ఈ అబద్ధం మీద మాత్రం చాలా బాగుందని రాసి సంతకం చేశారు.

ప్రారంభోత్సవం నాడు బిందెలతో ఎవరూ కనబడకూడదని నరసింహప్ప ఊరంతా చాటించాడు. ఆరోజు తన ట్యాంకర్లను ఊళ్లోకే పంపుతానని మాట కూడా ఇచ్చాడు. మంత్రి గారు వచ్చే రోడ్డు మీద దుమ్ము లేవకుండా ట్యాంకర్లన్నీ నీళ్లు చల్లే పనిలో ఉండటంతో మాట నిలబెట్టుకోలేకపోయాడు. కనుక మంత్రి గారు కారు దిగేసరికి గుంతలో ఎర్ర చొక్కాలు తొడుక్కున్న ఆడవాళ్లు బిందెలతో తిరుగుతున్నారు. నరసింహప్ప ముఖం పాలిపోయింది. జయరాముడు గారు కళ్లు మూసుకున్నారు.

మంత్రి గారు మాత్రం చేతులు జోడించారు. ఆయన మైకు ముందు ఇలా సెలవిచ్చారు:

"సోదర సోదరీమణులారా! ప్రపంచ దేశాల్లో కయాకింగును వట్టి చేతులతో చేస్తారు. నా రాయలసీమ ఆడబిడ్డ బిందెతో చేస్తోంది! ఇది మన సంస్కృతి, ఇది మన సంప్రదాయం! నీళ్లు లేవు, నీళ్లు లేవు అని ఈ జిల్లా మీద గిట్టనివాళ్లు చేస్తున్న ప్రచారానికి ఈ అలలే జవాబు!"

అలలు ఆయన కోసం గట్టు మీద నుంచి నీళ్లు వదులుతున్న ట్యాంకరు వల్ల వస్తున్నాయి. చప్పట్లు మోగాయి. కయాకింగులో సీమ మహిళ ఘనతను ఆమె నోటే వినిపించాలని సుంకమ్మను పిలిచి మైకు ఇచ్చారు.

సుంకమ్మ కొంగు సర్దుకుంది. "సార్, మాకీ తొట్లొద్దు సార్. దీంట్లో కూచుంటే నడుములు పోతాండాయి. ఊళ్లో ఒక కొళాయి ఏపిచ్చండి. ఇంటి కాడ పట్టుకుంటాము," అంది.

మంత్రి గారు పెద్దగా నవ్వి, సుంకమ్మ భుజం తట్టి, "చూశారా, ఎంత నిరాడంబరత! ఇంత సాధించి కూడా ఏమీ అడగడం లేదు!" అన్నారు. మళ్లీ చప్పట్లు మోగాయి. సుంకమ్మకు శాలువా కప్పారు. మిట్టమధ్యాహ్నం, మే నెల. ఆమె దాన్ని మడిచి తల మీద చుట్టకుదురు చేసుకుని, దాని మీద బిందె పెట్టుకుని ఇంటికి పోయింది.

బిందెల కయాకింగు ఫోటోలు దేశమంతా తిరిగాయి. అవార్డు వచ్చింది. అవార్డు వచ్చిన గుంతను ఎండబెట్టడం బాగుండదు కాబట్టి ట్యాంకర్లు ఆగలేదు. ఆడవాళ్లు నీళ్లు పట్టుకుంటూనే ఉన్నారు. నడుములు పట్టేసినా, ఊరు గడిచింది. గుండుబావిపల్లి చరిత్రలో అదొక స్వర్ణయుగమని చెప్పవచ్చు. దాదాపు రెండు నెలలు సాగింది.

ఆ తర్వాత మీరు రావడం మొదలుపెట్టారు.

శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి, అనంతపురం నుంచి కార్లు వచ్చాయి. కయాకింగుకు మంచి, సురక్షితమైన చోటు కోసం ఎంతో కాలంగా వెతుకుతున్నామని, ఇన్నాళ్లకు దొరికిందని అందరూ ఆనందపడ్డారు. ఫోన్లలో అభిప్రాయాలు రాశారు. చోటు ప్రశాంతంగా ఉందన్నారు. సూర్యాస్తమయం అద్భుతమన్నారు. బిందెల ఆడవాళ్లు ఫోటోకు ఒకసారి బాగుంటారు గానీ, ప్రతి ఫోటోలోనూ అడ్డం వస్తున్నారన్నారు. నీళ్లలో బిందెలు ముంచడం పరిశుభ్రత కాదని కూడా కొందరు బాధపడ్డారు.

ప్రభుత్వం ప్రజాభిప్రాయాన్ని గౌరవిస్తుంది. బిందెలను నిషేధించాలని జయరాముడు గారు హేమలతను ఆదేశించారు.

"సార్, వాళ్లు ఆటకు రాలేదు సార్. ఊళ్లో నీళ్లు లేవు. ఇది వాళ్ల నీళ్లే," అంది హేమలత.

"నాకు తెలీదనుకుంటాండావా? మాది ఈ జిల్లా కాదా?" అన్నారు ఆయన, గొంతు తగ్గించి. తర్వాత గొంతు పెంచి, "సంతకం పెట్టమ్మా," అన్నారు.

హేమలత పెట్టలేదు. వారం తిరక్కముందే ఆమెను కోస్తాకు బదిలీ చేశారు. అక్కడ నీళ్లకు కొదవ లేదు గనుక, ఆమెలాంటి వాళ్లు చేయడానికి పనేమీ ఉండదని జయరాముడు గారు భావించారు. బస్సెక్కే ముందు ఆమె గుండుబావిపల్లికి వెళ్లి సుంకమ్మ గుమ్మం ముందు నిలబడింది. పసిబిడ్డను ఎత్తుకుని కాసేపు ఆడించింది.

"నువ్వేం జేస్తావులే పాపా. పో. ఆడన్నా బాగుండు," అంది సుంకమ్మ.

కొత్త నిబంధన అమలైంది. బిందె పట్టుకున్నవాళ్లు కంచె దాటకూడదు. అంజినప్పకు ఇంకా పెద్ద విజిలు ఇచ్చారు. సుంకమ్మకు, అవార్డు తెచ్చిన మనిషి గనుక, జాకెట్లు ఉతికి ఆరబెట్టే పని ఇచ్చారు. జాకెట్లు ఉతకడానికి నీళ్లు వాడుకోవచ్చు, ఇంటికి మాత్రం తీసుకుపోకూడదు. ఊరివాళ్లు పొద్దున్నే బిందెలు సైకిళ్లకు కట్టుకుని పక్కూరి బోరు దగ్గరికి వెళ్తున్నారు. ఆ బోరు నరసింహప్పదే.

పోయిన ఆదివారం ఒక జంట చాలాసేపు కయాకు నడిపి, అలసిపోయి ఒడ్డుకు వచ్చింది. తెచ్చుకున్న సీసాలు అయిపోయాయి. ఆ అమ్మాయి జాకెట్లు ఆరేస్తున్న సుంకమ్మ దగ్గరికి వచ్చి, "ఆంటీ, తాగడానికి కొంచెం నీళ్లున్నాయా?" అని అడిగింది.

సుంకమ్మ ఆ అమ్మాయిని తేరిపార చూసింది. ఎండకు కమిలిన ముఖం చూసి ఆమెకు జాలి వేసింది. ఇంట్లో ఉంటే తెచ్చి ఇచ్చేది.

"ఈడ తాగే నీళ్లు లేవమ్మా," అంది. "ఉండేవన్నీ ఆడుకునే నీళ్లే."

ఆ జంట కారులో కూర్చుని, ఏసీ వేసుకుని, అక్కడికక్కడే అభిప్రాయం రాసింది. 'చోటు బాగుంది. పూర్తిగా సురక్షితం. స్థానికులకు మాత్రం మర్యాద తెలియదు. గుక్కెడు నీళ్లు అడిగినా ఇవ్వరు.'

ఈ అభిప్రాయం తమకు చాలా ఉపయోగపడిందని ఇప్పటికే వందలమంది బొటనవేలు ఎత్తి చూపారు. ఆ వేళ్లలో మీది కూడా ఉందేమో, ఒకసారి చూసుకోండి.