ఎర్మీలో గారి ముక్కుకు చిక్కిన నేరం

"మెరిదా నగరంలో నేరం పుట్టకముందే వాసన పట్టగల ముక్కు ఒక్కటే ఉంది. అది ప్రస్తుతం నీ ఎదురుగా ఉంది" అని ప్రకటించారు ఎర్మీలో గారు.

ఇత్సాయానా కంప్యూటర్ నుంచి తలెత్తలేదు. మెక్సికోలోని ఆ ఊళ్లో, వాట్సాప్‌లో జనం పంపే వదంతుల్లో నిజమెంతో తేల్చి వార్త రాసే చిన్న ఆఫీసు ఆమెది. ఎర్మీలో గారు ముప్ఫై ఏళ్లు సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యారు. ఆపైన తనను తానే డిటెక్టివ్‌గా నియమించుకుని, రోజూ వచ్చి ఆ అమ్మాయి ప్రాణం తోడేస్తున్నారు.

ఈసారి కేసు మాత్రం నిజంగానే ఉంది. మార్కెట్ కొట్టులో ఫిదేలియా గారు అమ్మే, గుంతలో మగ్గబెట్టిన పందిమాంసం, అదే కొచినీతా, తినకపోతే ఆ పేటలో ఆదివారం వచ్చినట్టే కాదు. రెండు వారాల కింద ఒక ఆడియో బయల్దేరింది. ఎవరో ఆడమనిషి గుసగుసగా, ఆ కొట్టుకు ఆరోగ్య శాఖ సీలు వేసిందనీ, తిన్నవాళ్లు ఆసుపత్రి పాలయ్యారనీ చెప్పింది. పోయిన ఆదివారం కొట్టు వైపు ఈగ కూడా రాలేదు. రేపూ అంతే అయితే ఇక పొయ్యి ఆర్పేస్తానని ఫిదేలియా గారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

నిజానికి ఆడియో బయల్దేరిన ఆ ఒక్క ఆదివారం ఫిదేలియా గారు కొట్టు మూసింది మనవడి బాప్తిజం కోసం. ఫోటో ఉంది. కానీ రెండో సాక్ష్యం లేనిదే 'అబద్ధం' అని ముద్ర వేయకూడదన్నది ఆఫీసు నియమం. ఆరోగ్య శాఖ వాళ్లు సోమవారం చెబుతామన్నారు. "మీకెవరు పంపారు" అని ఒక్కొక్కరినీ అడుగుతూ ఇత్సాయానా వెనక్కి వెనక్కి వెళ్లింది. దారి చర్చి గాయకుల గ్రూపు దాకా వెళ్లి ఆగిపోయింది.

ఎర్మీలో గారు మాత్రం కేసు ఎప్పుడో ఛేదించారు. ఆడియో మధ్యలో లారీ హారన్ లాంటి మోత ఒకటి ఉంది. అది ముఠా రహస్య సంకేతమట. ఇక ఆ గొంతు విదేశీ గూఢచారిది. అంత మెల్లగా మాట్లాడే ఆడది తమ యుకతాన్ రాష్ట్రంలోనే పుట్టలేదని ఆయన నమ్మకం.

"ముఠాను నేను పట్టిస్తాను. నీ వార్తలో నా పేరు మాత్రం పెద్దక్షరాల్లో పడాలి" అన్నారు.

ఆ శనివారం మధ్యాహ్నమే నల్లకళ్లద్దాలు పెట్టుకుని, భుజాన డజను వల ఊయలలు వేసుకుని, ఊయలలమ్మేవాడి వేషంలో మార్కెట్లో దిగారు. కొట్టు దగ్గర ఇత్సాయానా ఫిదేలియా గారికి ఆడియో వినిపిస్తూ, గొంతు గుర్తుపడతారేమోనని అడుగుతోంది. పొంచి వినబోయిన ఎర్మీలో గారి కాలు సొంత ఊయలలో చిక్కుకుంది. ఆయన ముక్కు నేరుగా వెళ్లి, తరిగి పెట్టిన, మంటలు రేపే హబనేరో మిరపకాయల గిన్నెలో దిగింది.

ఫోన్లో లారీ హారన్ మోగింది. ఆ వెంటనే ఎర్మీలో గారు తుమ్మారు. రెండూ ఒకటే మోత.

ఫిదేలియా గారు ఫోను వంకా ఆయన వంకా మార్చి మార్చి చూశారు. "అన్నయ్యా, ఈ గొంతు మీ ఆవిడ నీదియాది కాదూ?"

నలభై ఏళ్లుగా భార్య మాట పూర్తిగా విన్న పాపాన పోని ఎర్మీలో గారు మొదటిసారి చివరిదాకా విన్నారు. విన్నాక జరిగినదంతా ఒప్పుకోక తప్పలేదు; ఇత్సాయానాకు కావలసిన రెండో సాక్ష్యం అదే. రెండు వారాల కింద మూసిన కొట్టునూ, పక్కనే నిలబడ్డ తెల్లకోటు మనిషినీ చూసి, ఆ ఆదివారం భోజనాల దగ్గర ఆయనే తన అమోఘమైన అనుమానాన్ని వెల్లడించారు. ఆవిడ నమ్మి, ఆయన మిరపపచ్చడికి తుమ్ముతుండగానే, గాయకుల గ్రూపుకి చెప్పేసింది.

"తెల్లకోటు మనిషా? పక్క కొట్టు మంగలి" అన్నారు ఫిదేలియా గారు.

"అమ్మాయ్, నా పేరు... వేస్తావా?" అన్నారాయన నీరసంగా.

"వేయం బాబాయ్. మామూలు మనుషుల పేర్లు వేయకూడదని మా నియమం."

ఆయన సిగ్గుతో చచ్చిపోతూనే ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఎవరూ చెప్పకుండానే కూర్చుని ఉల్లిపాయలు తరిగారు.

ఆడియోగా తిరిగిన అబద్ధానికి జవాబు కూడా ఆడియోగానే పంపాలి. రాసి పంపితే ఎవరు చదువుతారు? కొట్టు ముందే ఫిదేలియా గారు నిజం చెబుతుంటే ఇత్సాయానా రికార్డు చేసి, అవే గ్రూపులకు పంపింది. ఆదివారం ఏడింటికల్లా కొట్టు ముందు బారులు తీరారు. ఫిదేలియా గారు కళ్లు తుడుచుకుంటూనే వడ్డించారు.

మాంసం అందుకున్న ప్రతివాడూ ఉల్లిపాయల దగ్గర కూర్చుని తుమ్ముతున్న పెద్దమనిషిని చూసి నవ్వి వెళ్తున్నాడు. ఎందుకో ఎర్మీలో గారికి అర్థం కాలేదు. పేరు ఎక్కడా రాలేదు కదా అని ఫోన్ తీసి ఆడియో విన్నారు.

సరిగ్గా "ఇదంతా ఎవరో పుట్టించిన పుకారు" అని ఫిదేలియా గారు అన్నచోట, వెనకనుంచి లారీ హారన్ మోగింది.