ఆమెన్ తర్వాత

లాక్‌డౌన్‌తో చర్చికి తాళం పడ్డాక, కొనకనమిట్ల దగ్గరి ఆ పల్లెలో ఆదివారం ప్రార్థన అందరూ కలిసే ఫోన్ కాల్‌లోకి మారింది. ఆ రోజు విజయమ్మ ఆలోచన చిన్నదే. ప్రార్థన కాగానే నాటుకోడిని కోసి, ఎండ ముదరకముందే పులుసు దించాలి.

పక్కింట్లో ఉండే తోడికోడలు హెలెన్‌తో ఆమెకు మాటల్లేవు. హైదరాబాదులో కూలిపనులు ఆగిపోయి హెలెన్ తిరిగొచ్చిన రోజున, రోగం అంటుకుంటుందని విజయమ్మ రెండిళ్ల మధ్య ముళ్లకంప అడ్డం వేయించింది. క్వారంటైన్ గడువు ఏనాడో తీరింది. కంప తీయాలనే ఉన్నా, ముందుగా మాట కలపడానికి ఆమెకు నామోషీ.

పాస్టరు ఇమ్మానుయేలుగారు ఆమెన్ అన్నారు. విజయమ్మ ఫోను కట్టెయ్యబోయి పక్కనున్న మీట నొక్కింది. అవతలివాళ్ల శబ్దం ఆగింది గాని కాల్ ఆగలేదు. ఆమె దాన్ని వంటింటి గూట్లో పెట్టింది.

"హెలెన్ పాట విన్నావా? ఒకటే అరుపు" అంది భర్త నిత్యానందంతో. అంతలో కాళ్లకు కట్టిన తాడు తెంచుకుని కోడి వంటింట్లోకి దూరింది.

"అదిగో, దాని గొంతు పట్టుకో! అరవనీయాకు!"

"కాళ్లతో తంతా ఉందే!"

"కత్తి యాడ పెట్టినావు? ఊరికే తిని బలిసింది. ఈ రోజు దాని పని అయిపోవాల!"

ఫోన్లలో ఇంకా పలకరించుకుంటున్న జనమంతా ఆ మాటలు విని అదిరిపోయారు.

"అమ్మా విజయమ్మా, సాతానుకు చోటియ్యొద్దు!" అని పాస్టరుగారు అరిచారు. అక్కడ వినిపిస్తే గదా! ఎవరో హెలెన్‌కు ఫోన్ చేశారు. ఆమె ఫోను ఇంట్లో పడేసి నీళ్లకు బోరింగు దగ్గరికి పోయి ఉంది. ఎత్తకపోవడంతో అందరి అనుమానం రూఢి అయింది.

మాస్కులు మరిచి కొందరు, చెప్పులు మరిచి కొందరు పరుగెత్తారు. వీధి మొగదల కానిస్టేబుల్ లాఠీ ఎత్తాడు.

"ఏందయ్యా, గుంపుగా యాడికి?"

"ఖూనీ సార్!" అంది అందరికన్నా ముందున్న రోజీ.

ఆపడానికి నిలబడ్డవాడే అందరికంటే ముందు పరుగెత్తాడు.

వాళ్లు వెళ్లేసరికి విజయమ్మ నెత్తుటి చేతులతో, కత్తితో గడపలో నిలబడి ఉంది.

"హెలెన్ యాడ?" అన్నాడు కానిస్టేబుల్.

"నాకేం తెలుసు సార్? దానికేమైంది?"

"హెలెన్‌ని చంపినారంట గదా!" అంది రోజీ వెనకనుంచి.

విజయమ్మ చేతిలో కత్తి జారిపోయింది. "అయ్యో హెలెనూ! నేను మాట్లాడకముందే పోయినావా తల్లీ!" అని గుండెలు బాదుకుంటూ, ఒట్టికాళ్లతోనే ముళ్లకంపలో పడి దాన్ని ఈడ్చి పారేస్తూ పక్కింటి వాకిట్లోకి ఉరికింది.

బిందెతో వస్తున్న హెలెన్ బిత్తరపోయింది. "ఏందక్కా? ఎవరు పోయినారు?"

"నువ్వేనే!" అంటూ విజయమ్మ ఆమెను బిందెతో సహా కావలించుకుని మరీ ఏడ్చింది. దూరం పాటించమని చెప్పాల్సిన కానిస్టేబుల్ కూడా కళ్లు తుడుచుకున్నాడు.

నిత్యానందం సగం ఈకలు పీకిన కోడిని పట్టుకొచ్చి చూపించాక గాని జనం కుదుటపడలేదు. హెలెన్ విజయమ్మ పాదాలు ఒళ్లో పెట్టుకుని ముళ్లు తీయసాగింది.

"ఎవరు వేయించినారక్కా ఈ కంప?"

"నోరు మూసుకోని తియ్యవే. పులుసు ఇంకా పొయ్యెక్కలా."

మరుసటి ఆదివారం పాస్టరుగారు ఆమెన్ అన్నాక, చాలాసేపటి దాకా ఒక్కరూ ఫోను కట్టెయ్యలేదు.