దైవాశీర్వాదం గారికి ఒక శాలువా

ప్రిస్సిల్లా ఏ పని మొదలుపెట్టినా ముందు ఎక్సెల్ షీటు తెరుస్తుంది. ఆఫీసులో ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఇంట్లో అదే పని జీతం లేకుండా చేస్తుంది. అమెరికాలోని కమ్మింగ్ తెలుగు చర్చి పదిహేనో వార్షికోత్సవానికి ఆమెను ప్రోగ్రాం ఇన్‌చార్జిగా పెట్టారని తెలిసిన రోజున, భర్త జయపాల్ కాఫీ కప్పు పట్టుకుని చప్పుడు చేయకుండా గరాజ్‌లోకి వెళ్లిపోయాడు.

వార్షికోత్సవానికి ఇంకా మూడు వారాలు ఉందనగా, ఒక శనివారం పొద్దున ఆమె షీటులో నలభై రెండు వరుసలున్నాయి. నలభై ఒకటికి పచ్చరంగు పడింది. మిగిలిన ఆ ఒక్కటీ నవోమి అమ్మమ్మగారి కోరిక. పదిహేనేళ్ల క్రితం చర్చి మొదలైంది ఈ అమ్మమ్మగారి బేస్‌మెంట్‌లోనే. అప్పటి కుటుంబాలు దాదాపు అన్నీ ఉద్యోగాల వెంట తలా ఒక రాష్ట్రానికి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఎనభై రెండేళ్ల వయసులో ఆమె కూడా చిన్నకూతురి దగ్గర ఉండిపోవడానికి ఫీనిక్స్ వెళ్లిపోతున్నారు. వార్షికోత్సవం ఆదివారం, ప్రయాణం సోమవారం. మళ్లీ ఈ ఊరు వస్తానన్న ఆశ ఆవిడకే లేదు. అందుకే ప్రిస్సిల్లా స్వయంగా వెళ్లి, మీకేం కావాలో చెప్పండి అని అడిగింది.

"నాకేం వద్దమ్మా. కేకులూ బెలూన్లూ మీరు చేసుకోండి. ఆ రోజు దైవాశీర్వాదం ఒక్క పాట పాడితే చాలు. అది విని ఫ్లైట్ ఎక్కేస్తాను."

ఏ దైవాశీర్వాదం అని అడగాలి. ఆ ప్రశ్న ప్రిస్సిల్లా నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో అమ్మమ్మగారు కళ్లజోడు మీదుగా చూసి, "తెలుసుగా నీకు?" అన్నారు.

"అయ్యో, ఆయన తెలియకపోవడమేంటి అమ్మమ్మగారూ!" అంది ప్రిస్సిల్లా.

ఒకసారి తెలుసు అన్నాక మళ్లీ వెళ్లి అడగడం ఎలాగ? ఇంటికొచ్చి ఇంటర్నెట్‌లో ఆ పేరు కొట్టి చూసింది. కోస్తా జిల్లాల్లో దైవాశీర్వాదం లేని ఊరు అరుదు, పాట రాని దైవాశీర్వాదం మరీ అరుదు. గిటార్ పట్టుకున్నాయన ఒకరు, తంబురా పట్టుకున్నాయన ఒకరు, పిల్లల మధ్య నవ్వుతున్నాయన ఒకరు కనిపించారు. ఇరవయ్యో ఫోటో దాకా చూసి, లాప్‌టాప్ మూసి, కమిటీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టింది: "ఆర్టిస్ట్ దైవాశీర్వాదం గారు యానివర్సరీకి రావాలి. ఎవరికైనా కాంటాక్ట్ ఉందా?"

పది నిమిషాల్లో ముగ్గురు జవాబిచ్చారు. మాస్టర్స్ చదువుకుంటూ యూత్ గ్రూపు నడిపే ఉజ్వల, "నాకు తెలుసు ఆంటీ, నేను మాట్లాడతా" అంది. సండే స్కూల్ చూసే కృష్ణమోహన్, "మనవాడే, నేను చూసుకుంటా" అన్నాడు. పాస్టర్‌గారి భార్య, అంటే అందరూ పాస్టరమ్మగారు అని పిలిచే ఆవిడ, "ఆయన మా ఊరివారే, నేను పిలుస్తాను" అన్నారు. ప్రిస్సిల్లా చివర ఒక బొటనవేలు బొమ్మ పెట్టింది. ఆ బొటనవేలు తనకే అని ముగ్గురూ అనుకున్నారు. ఒకరు మాట్లాడుతున్నారు కదా అని ప్రిస్సిల్లా అనుకుంది. నలభై రెండో వరుసకు పచ్చరంగు పడింది.

తర్వాత ఫ్లయర్ తయారైంది. ఏ ఫోటో వేయాలో తేలక ప్రిస్సిల్లా తెల్ల పావురం బొమ్మ వేసి, దాని కింద పెద్ద అక్షరాల్లో "దైవాశీర్వాదం గారి ప్రత్యేక గీతం" అని రాసింది. చూసినవాళ్లంతా పావురం బాగుందన్నారు.

ఆ పై ఆదివారం ఆరాధన అయ్యాక డేవిడ్ అంకుల్ ఆమె దగ్గరికొచ్చారు. అరవైకి దగ్గర పడిన మనిషి, ఊరి చివర గోడౌన్‌లో సూపర్‌వైజర్. చర్చిలో కుర్చీలు వేసేదీ, తీసేదీ, మైకులు చూసుకునేదీ ఆయనే. తను ఈ చర్చికి వస్తున్న నాలుగేళ్లలో ఆయన నోట ప్రిస్సిల్లా విన్న అతి పొడవైన మాట "చెక్, చెక్, వన్ టూ త్రీ."

ఆయన ఫ్లయర్‌ను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నారు. "పాటకి ఎంత టైమ్ ఇచ్చారమ్మా?" అన్నారు.

"టైమ్ ఏంటి అంకుల్! అంత గొప్ప సింగర్‌కి మనం టైమ్ పెడతామా? ఎంతసేపైనా పాడనివ్వండి."

డేవిడ్ అంకుల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. కుర్చీల దుమ్ము పడిందనుకుని ప్రిస్సిల్లా టిష్యూ ఇచ్చింది.

ఇక గ్రూపులో అతిథి సంగతులు రావడం మొదలైంది. "దైవాశీర్వాదం గారికి బిర్యానీ అంటే ప్రాణం ఆంటీ, స్పైసీగా చేయించండి" అని ఉజ్వల. మర్నాడు పాస్టరమ్మగారు: "దైవాశీర్వాదం గారికి షుగర్. అన్నం ముట్టరు. రెండు పుల్కాలు, ఆకుకూర చాలు. కాళ్లకి గజ్జెలు కడతారు కాబట్టి స్టేజి గట్టిగా ఉండాలి." గురువారం కృష్ణమోహన్: "దైవాశీర్వాదం గారితో చిట్టిబాబు కూడా వస్తున్నాడు. వాడికి పక్కన ఒక సీటు ఉంచండి."

ఇవన్నీ చదివి జయపాల్‌కు అనుమానం వచ్చింది. "షుగర్ ఉన్నాయన బిర్యానీ తిని, గజ్జెలు కట్టి ఎగురుతాడా?"

"పెద్ద ఆర్టిస్టులు అలాగే ఉంటారండీ," అంది ప్రిస్సిల్లా. తప్పులు పట్టడమే వృత్తి అయిన మనిషి ఆ మాట ఎలా అనగలిగిందో ఆమెకు తర్వాత ఎంత ఆలోచించినా తెలియలేదు. బిర్యానీకి ఒకరిని, పుల్కాలకు ఒకరిని పురమాయించింది. చిట్టిబాబు కోసం పొరుగింటివాళ్ల దగ్గర చిన్నపిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టర్ సీటు అడిగి తెచ్చి, కారం లేని పప్పన్నం వేరే డబ్బాలో సర్దింది. సన్మానానికి శాలువా ఒకటి కొంది. అతిథి ఒకరే కదా.

ఆదివారం రానే వచ్చింది. హాలు ఒక అమెరికన్ చర్చివాళ్లది. వాళ్ల ఆరాధన అయ్యాక ఒంటిగంటకు ఇస్తారు, నాలుగున్నరకు ఖాళీ చేయాలి. ప్రిస్సిల్లా వెళ్లేసరికి కుర్చీలన్నీ గీత గీసినట్టు వేసి ఉన్నాయి. డేవిడ్ అంకుల్ కొత్త నీలం కోటు వేసుకుని, వెనకాల మైకు టేబుల్ దగ్గర కళ్లు మూసుకుని కూనిరాగం తీస్తున్నారు.

"కోటు బాగుంది అంకుల్," అని ఆమె ముందుకు పరుగెత్తింది. గుమ్మంలో జయపాల్, ఎయిర్‌పోర్ట్ నుంచి తెచ్చిన అతిథితో నిలబడి ఉన్నాడు. నల్ల తోలు జాకెట్, భుజాన గిటార్, ముప్ఫై ఏళ్లు దాటని వయసు. పక్కన ఉజ్వల మెరిసిపోతోంది.

"ఆంటీ, దైవాశీర్వాదం గారు! డాలస్ నుంచి!"

"వందనాలండీ. చిట్టిబాబు ఏడీ?" అంది ప్రిస్సిల్లా.

"ఎవరు సిస్టర్?" అన్నాడతను.

ఇంతలో పాస్టరమ్మగారు ఇంకో తలుపులోంచి వచ్చారు. వెంట తెల్లపంచె కట్టి, తంబురా మోస్తున్న డెబ్బై ఏళ్ల పెద్దాయన. "ప్రిస్సిల్లా, దైవాశీర్వాదం మాస్టారు. బుర్రకథలో వీరి తర్వాతే ఎవరైనా. న్యూజెర్సీలో కొడుకు దగ్గర ఉంటే, నా మాట కాదనలేక వచ్చారు."

సరిగ్గా అప్పుడే కృష్ణమోహన్ గొంతు వినిపించింది. "మేడమ్, దైవాశీర్వాదం గారు షార్లెట్ నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చారు!" బొద్దుగా ఉన్న ఒకాయన చేయి ముందుకు పెట్టాడు. ఆ చేతిమీద ఎర్ర చొక్కా తొడుక్కున్న చెక్కబొమ్మ కూర్చుని ఉంది.

"నమస్తే ఆంటీ, నా పేరు చిట్టిబాబు. నా సీటెక్కడ?" అంది బొమ్మ, ఆయన పెదవులు కదలకుండానే.

ప్రిస్సిల్లా బూస్టర్ సీటు చూపించింది. అంతకన్నా ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

ముగ్గురు దైవాశీర్వాదాలు మాత్రం ఒకరినొకరు చూసి ఎంతో ముచ్చటపడ్డారు. "ఓహో, మీరూనా!" అంటే "మీరూనా!" అనుకున్నారు. ఒకే పేరున్న కళాకారులందరినీ ఒకే వేదిక మీదికి తేవాలన్న ఆలోచన ఎవరిదో గానీ గొప్పగా ఉందని మాస్టారు ప్రిస్సిల్లాను మెచ్చుకున్నారు. ఆమె వినయంగా తల వంచింది. తల ఎత్తే ధైర్యం కూడా లేదు.

జయపాల్‌ను పక్కకు లాగింది. "ముగ్గురిలో అమ్మమ్మగారు అడిగింది ఎవర్నండీ?"

"ఆవిణ్ణే అడుగు."

"తెలుసని చెప్పాను!"

"పోనీ వాళ్లని అడుగు."

"ఇంత దూరం పిలిపించి, ఇంతకీ మీరెవరండీ అని అడగమంటారా? నోరెలా వస్తుంది?"

అందుకని ఒక ఉపాయం పన్నింది. ముగ్గురినీ ముందు వరుసలో అమ్మమ్మగారి పక్కనే కూర్చోబెడితే, ఆవిడ ఎవర్ని చూసి నవ్వుతారో ఆయనే అసలు మనిషి. అమ్మమ్మగారు మర్యాదస్థురాలు. ముగ్గురినీ చూసి నవ్వారు. చిట్టిబాబును చూసి ఇంకా ఎక్కువ నవ్వారు.

మూడున్నరకు పాస్టర్‌గారు శాలువా చేతిలోకి తీసుకుని, ఫ్లయర్ చూసి పిలిచేశారు. "ఇప్పుడు దైవాశీర్వాదం గార్ని వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాం!"

ముందు వరుసలో ముగ్గురు లేచారు. వెనకాల మైకు టేబుల్ దగ్గర ఒక నీలం కోటు కూడా లేచి, ముందు లేచినవాళ్లను చూసి, మెల్లగా కూర్చుండిపోయింది. ప్రిస్సిల్లా అది చూసింది. ఏ వైరో సర్దుతున్నారనుకుంది.

వేదిక మీద మర్యాదల పోటీ మొదలైంది. "పెద్దవారు, ముందు మీరు" అని గిటారాయన, "అబ్బే, దూరం నుంచి వచ్చారు, మీరు కప్పించుకోండి" అని మాస్టారు. శాలువా చేతుల్లో పట్టుకుని పాస్టర్‌గారు ఆ భుజం నుంచి ఈ భుజానికి తిరుగుతున్నారు. ఎవరికి కప్పినా ఇద్దరికి అవమానం. ఇలా ఆరు నిమిషాలు గడిచాయి. హాలంతా చూస్తోంది. అడగకూడని ప్రశ్న ఏదో అందరికీ తెలుసు.

మర్యాద నేర్వనివాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. చిట్టిబాబు మెడ గిర్రున తిప్పి, "పాస్టర్ అంకుల్, శాలువా సంగతి తర్వాత. అసలు మీరు పిలిచింది ఎవర్ని?" అన్నాడు.

పాస్టర్‌గారు ప్రిస్సిల్లా వైపు చూశారు. రెండు వందల మంది ప్రిస్సిల్లా వైపు చూశారు. ఆమె మైకు దగ్గరికి వెళ్లింది.

"నాకు తెలియదండీ," అంది. ముందు వరుస వైపు తిరిగింది. "అమ్మమ్మగారూ, మీరు అడిగిన రోజే నాకు తెలియదు. తెలుసని అబద్ధం చెప్పాను. రేపు మీరు వెళ్లిపోతున్నారు. సారీ అమ్మమ్మగారూ. ఈ ముగ్గురిలో మీ దైవాశీర్వాదం గారు ఎవరు?"

నవోమి అమ్మమ్మగారు చేతికర్ర ఊతంతో లేచారు. "వీళ్లెవరూ కాదమ్మా. వీళ్లంతా ఎవరో మహానుభావులు, నువ్వు పిలిస్తే వచ్చారు. మా దైవాశీర్వాదం అడుగో, వెనకాల. మైకుల దగ్గర."

రెండు వందల తలలు వెనక్కి తిరిగాయి.

"డేవిడ్ అంకులా?" అంది ఉజ్వల.

"డేవిడ్ ఎవరమ్మా?" అన్నారు అమ్మమ్మగారు.

గోడౌన్‌లో మేనేజరుకు ఆ పేరు నోరు తిరగక, ఉద్యోగంలో చేరిన రోజే బ్యాడ్జి మీద డేవిడ్ అని కొట్టించాడట. తర్వాత చర్చికి వచ్చినవాళ్లంతా ఆ బ్యాడ్జి చూసి పిలిచారు. ఆయన ఎవర్నీ సరిదిద్దలేదు. మొదటి ఆదివారం ఆరాధనలో పాడింది ఆయనే. కీబోర్డు లేదు, తబలా లేదు. అమ్మమ్మగారి బేస్‌మెంట్‌లో బట్టల డ్రయర్ దడదడ తిరుగుతుంటే ఆ తాళానికే పాడారు.

ప్రిస్సిల్లాకు ఆయన జేబులోని ఫ్లయర్ గుర్తొచ్చింది. కొత్త కోటు, కూనిరాగం, కళ్లలో నీళ్లు, తను ఇచ్చిన టిష్యూ అన్నీ వరుసగా గుర్తొచ్చాయి. హాలు ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచి వెళ్లింది.

"పర్లేదమ్మా," అన్నారాయన ఏదో వైరు వంక చూస్తూ. "గెస్టులు పాడనివ్వు. నేను మైకు చూసుకుంటాను."

"మీరే పాడాలి అంకుల్. ప్లీజ్. ఎంతసేపైనా పాడండి."

"ఆ మాట నువ్వు ముందే చెప్పావుగా," అని ఆయన కోటు గుండీ పెట్టుకున్నారు.

దైవాశీర్వాదం గారు వేదిక ఎక్కారు. ఎక్కాక మైకు కీచుమంది, దాన్ని సరిచేసే మనిషి ఇప్పుడు వేదిక మీద ఉన్నాడని అప్పుడు తెలిసింది. ఆ మీటలు ఇంకెవరికీ తెలియవు. ఆయన మైకు పక్కన పెట్టి, గొంతెత్తి పాడారు. రెండో చరణానికి డాలస్ దైవాశీర్వాదం గిటార్ అందుకున్నాడు. మాస్టారు తంబురా శృతి చేశారు. షార్లెట్ దైవాశీర్వాదం చేతిలోని చిట్టిబాబు నోరు తెరిచి మళ్లీ మూయలేదు. నవోమి అమ్మమ్మగారు కళ్లు మూసుకుని, చేతికర్రతో నేల మీద దడదడమని డ్రయర్ తాళం వేశారు. ప్రిస్సిల్లా ఏడ్చింది. ఈసారి టిష్యూ ఇచ్చింది జయపాల్.

పాటయ్యాక పాస్టర్‌గారు హమ్మయ్య అనుకుని శాలువా కప్పబోతే, డేవిడ్ అంకుల్ దాన్ని అందుకుని నేరుగా అమ్మమ్మగారి భుజాల మీద కప్పారు.

"ఫీనిక్స్‌లో కొలిమిలా ఉంటుందట కదరా. నాకెందుకిది?" అన్నారు ఆవిడ, ఆయన చేయి వదలకుండా.

"ఏసీలో కప్పుకోండమ్మా."

నాలుగుంపావుకు నలుగురు దైవాశీర్వాదాలు కలిసి కుర్చీలు మడతపెట్టారు. బిర్యానీ, పుల్కాలు రెండూ అయిపోయాయి. పప్పన్నం ప్రిస్సిల్లా తింది.

ఆ సాయంత్రమే ఆమె చర్చి సభ్యుల ఎక్సెల్ షీటు తెరిచి, "అసలు పేరు" అని కొత్త కాలమ్ చేర్చింది. డేవిడ్ అంకుల్ ఎదురుగా దైవాశీర్వాదం అని రాసి పచ్చరంగు వేసింది. మరో రెండు గంటలు కూర్చుని, ఫోన్లు చేసి, ఒక్కటి తప్ప అన్ని గడులూ నింపింది.

పాస్టరమ్మగారి ఎదురుగా ఉన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది. నాలుగేళ్లయ్యాక మీ పేరేంటండీ అని అడగడం ఎలాగ?