మేఘానికి ఇంటి నంబరు

మొదట్లో వన్నూరప్ప చేతిలో ఉన్నవి మూడు: నాలుగెకరాల రాళ్ల గుట్ట, దాని మీద గాలిమర నిలబెట్టడానికి నెలాఖరుతో గడువు తీరిపోయే అనుమతి కాగితం, ఆ అనుమతిపై ఒక మేఘం పేరున దాఖలైన అభ్యంతరం.

వన్నూరప్ప చెనక్కాయల వ్యాపారి; ఊళ్లో పండిన వేరుశనగ మూటలు అతని అంగట్లోనే తూకానికి వస్తాయి. ఆ గుట్ట మీద ఇంతవరకు ఏదీ పండలేదు. గాలిమర వస్తే కరెంటు కంపెనీ ఏటా కౌలు ఇస్తుంది, రాకపోతే గుట్ట గుట్టగానే ఉంటుంది. మేఘం తరఫున అభ్యంతరం రాయించింది గుట్ట కింద మూడెకరాల్లో చెనక్కాయ వేసిన సుంకమ్మ. గాలిమర రెక్కలు మేఘాలను తరిమేస్తాయని గుండ్లకొట్టాల ఊరంతా నమ్ముతుంది. ఆమె పైరు ఊడలు నేలలోకి దిగే దశలో ఉంది. పది రోజుల్లో ఒక వాన పడకపోతే కాయ కట్టదు.

నష్టపోయేది మేఘం కాబట్టి మేఘమే వచ్చి చెప్పాలని నియమం. తహసీల్దారమ్మ నోటీసు జారీ చేసింది. తలారి దాన్ని గుట్ట కొనన అంటించి, ఫోటో తీసి ఫైల్లో పెట్టాడు. మొదటి రెండు వాయిదాలకు మేఘం రాలేదు. మూడోసారి, పదకొండున్నరకు, విచారణ సభ జరుగుతున్న ఊరి బడి కిటికీలోంచి లోపలికి వచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది. నేల తడిసింది. తలారి గోనెసంచి పరిచాడు.

"మీది ఏ ఊరు?" అని అడిగింది తహసీల్దారమ్మ.

"ఏ ఊరూ కాదు. పడమటి సముద్రం వైపు నుంచి వస్తుంటాను," అంది మేఘం.

"స్థానికులు కాకపోతే అభ్యంతరం చెల్లదు."

సుంకమ్మ లేచింది. "బయటోళ్లంటే ఎట్ల మేడం? మా చేన్లకు నీళ్లు దాని చేతిలోనే ఉండాయి."

"ఉండాయిలే. ఎప్పుడిచ్చింది సుంకక్కా?" అన్నాడు వన్నూరప్ప. "పదేండ్లలో ఏడేండ్లు నా అంగడికి ఒక్క మూట రాలే. అప్పుడు యా గాలిమర తరిమింది దాన్ని?"

"నీ లెక్కంతా నీ గుట్ట కోసరం. నా పైరు ఎండితే నీకేం పోతాది?"

"ఎండితే నేను తూకమేసేది ఏంది, నీ మొగమా?"

తహసీల్దారమ్మ మేఘం వైపు తిరిగి, ఆ ఏడేళ్లు ఎందుకు రాలేదో చెప్పమంది.

"ఎవరూ పిలవలేదు," అంది మేఘం. "నాకు అందిన మొదటి కాగితం మీ నోటీసే."

వన్నూరప్ప మనసులో తూకం వేశాడు. మేఘాన్ని పరాయిదని పంపేస్తే గాలిమర వస్తుంది, వాన పోతుంది, అంగటికి మూటలు రావు. ఊరిదని ఉంచుకుంటే వాన ఉంటుంది, అభ్యంతరం చెల్లుతుంది, గాలిమర పోతుంది. అనుమతి కాగితం ఇంకోసారి చదివాడు. నివాసానికీ గాలిమరకూ మధ్య అయిదు వందల మీటర్లు ఉండాలని అందులో ఉంది. చుట్టుపక్కల చాలా గాలిమరలను లేవకుండానే పడగొట్టిన షరతు అది.

"మేడం, మేఘానికి ఈ ఊర్లోనే నివాసం రాసియ్యండి," అన్నాడు. "సుంకక్క చేని మీద. నా గుట్టకు సరిగ్గా ఐనూరు మీటర్లు. అప్పుడు రెక్కలు దాని జోలికి పోవు, అది చేను దాటి పోదు."

"నువ్వు ఊరికే ఏదీ ఇయ్యవు కదప్పా. ఇందులో నీకేంది?" అంది సుంకమ్మ.

"పైన గాలి, కింద మూటలు."

మేఘాన్ని సమ్మతి అడిగారు. అద్దె ఉంటుందా అని అడిగింది. ఉండదన్నారు. అభ్యంతరం ఉపసంహరించుకుంటూ వేలిముద్ర వేసింది. కాగితం తడిసిపోతే ఎండలో ఆరబెట్టి కార్యాలయం ముద్ర కొట్టారు.

సర్వేయరు గొలుసుతో కొలిచి చేని గట్టున రాయి పాతాడు. ఇంటి నంబరు 4-17/అ. నాలుగో రోజున వాన పడింది. గడువుకు రెండు రోజుల ముందు గుట్ట మీద పునాది గుంత తవ్వారు.

పక్క ఊరివాళ్లు గట్టు అవతల నిలబడి ఆ వాన చూసి వెళ్లారు. ఇప్పుడు వాళ్లకూ గాలిమర కావాలి. గాలిమర లేకపోతే అభ్యంతరం ఉండదు, అభ్యంతరం లేకపోతే నోటీసు వెళ్లదు, నోటీసు వెళ్లకపోతే మేఘం రాదు. వాళ్ల దరఖాస్తులు వన్నూరప్పే రాసిపెడుతున్నాడు.

ఏడాది చివర చూసుకుంటే అతనికి మిగిలినవి ఇవి: గుట్ట మీద తిరుగుతున్న గాలిమర ఒకటి, అంగట్లో సుంకమ్మ చేని మూటలు నలభై రెండు, సుంకమ్మ పండగకు చేసి పంపిన తీపి ఓళిగలు ఒక డబ్బా. పోయింది ఒకటే. గుండ్లకొట్టాలలో వాన కోసం ఇప్పుడెవరూ తలెత్తి ఆకాశం చూడరు. మండల కార్యాలయానికి పోయి నోటీసు బోర్డు చూసి వస్తారు.